మే ముప్ఫై ఒకటి దాకా

ఫిబ్రవరి 10, సోమవారం

కొత్త డైరెక్టర్ డాక్టర్ హేమమాలిని ఈ రోజు మా కంప్యూటర్ విభాగం పెద్ద శేషాచలం సార్‌నూ నన్నూ గదికి పిలిచారు. మా క్యాన్సర్ ఆసుపత్రి సర్వర్ల సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయాలా, ఇంకొంత కాలం ఇలాగే నడపవచ్చా, రెండు వారాల్లో ఒక పేజీ రాసివ్వమన్నారు.

ఆవిడకు మా పని తెలియదు. తెలియదని దాచుకోరు కూడా. వర్చువలైజేషన్ అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పమన్నారు. ఆవిడకు తెలుగు రాదు కనుక సార్ తన తమిళంలో చెప్పారు. మూడు పెద్ద ఇళ్లు అనుకోండి మేడమ్, ఒక్కో ఇంట్లో నాలుగైదు కాపురాలు, మొత్తం పద్నాలుగు. ల్యాబ్ ఒక కాపురం, మందుల కొట్టు ఒకటి, రేడియేషన్ ప్లాన్లు ఒకటి. ఎవరి గది వాళ్లకు కేటాయించి, ఒకరి జోలికి ఒకరు పోకుండా చూసే ఇంటి పెద్ద లాంటిది ఈ సాఫ్ట్‌వేర్. అది ముసలిదైంది. తయారు చేసిన కంపెనీ దానికి మరమ్మతులు పంపడం మానేసి రెండేళ్లు దాటింది.

"అంటే తలుపు గొళ్లెం ఊడినా బాగుచేసేవాళ్లు లేరన్నమాట" అన్నారు డైరెక్టర్.

సార్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

అప్‌గ్రేడ్ అంటే సార్ ఎందుకు అంత భయపడతారని మోసెస్ అడిగాడు. అతను ఎన్నూరు నుంచి వచ్చి మా దగ్గర చేరి నాలుగేళ్లే. ఆరేళ్ల కిందటి సంగతి అతనికి తెలియదు.

అప్పుడు సార్ ఒకసారి అప్‌గ్రేడ్ మొదలుపెట్టారు. రేడియేషన్ ప్లాన్ సర్వర్ లేవలేదు. పదకొండు గంటలు లేవలేదు. ఆ ప్రోగ్రాం రాసిన కంపెనీ అప్పటికే మూతపడింది. ఫోన్ చేసి అడగడానికి కూడా మనిషి లేడు. చివరికి సార్ పాత సాఫ్ట్‌వేర్‌నే మళ్లీ ఎక్కించి బతికించారు. అప్పటి డైరెక్టర్ వరండాలో, రోగుల ఎదుట, సార్‌ను నిలబెట్టి అరిచాడు. "ప్యూను పనికి కూడా పనికిరావు" అన్నాడు. సార్ తల వంచుకుని నిలబడ్డారు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఆయన చెవులు ఎర్రగా కందిపోవడం నాకింకా కనిపిస్తూనే ఉంటుంది.

మోసెస్‌కు అంతా చెప్పాను, చెవుల సంగతి తప్ప.

ఫిబ్రవరి 21, శుక్రవారం

రిపోర్టు రాశాను. వెంటనే చేయాలి, మార్చి లోపల చేయాలి అని రాశాను. ముందు పాత యంత్రం ఒకదాని మీద ప్లాన్ సర్వర్ నకలు పెట్టి పరీక్షించాలి, అది లేస్తే మిగిలినవన్నీ లేస్తాయి అని రాశాను. తిప్పి తిప్పి చదివాను. బాగా వచ్చింది. సోమవారం సార్‌కు చూపిస్తాను.

ఫిబ్రవరి 24, సోమవారం

సర్వర్ గదిలో ఏసీల హోరులో సార్ నిలబడే చదివారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"బాగా రాసినావు జననీ. ఒక్క తప్పు లేదు" అన్నారు. కళ్లజోడు పెట్టుకుని, "మే ముప్ఫై ఒకటికి నేను రిటైరై పోతా ఉండాను కదా మా" అన్నారు. అమ్మా అనడానికి ఇక్కడి అలవాటు 'మా'.

"తెలుసు సార్."

"అప్పటిదాకా దీన్ని ఇట్లనే పోనీ. నేను పోయినాక నువ్వూ మోసెసూ చేసుకోండి. కండిప్పా చేయండి, తప్పకుండా. నేను వద్దనడం లేదు."

"మూడు నెలలు సార్..."

"మూడు నెలలే మా. రెండేండ్లు పోయింది, మూడు నెలలు పోదా?" సర్వర్లున్న రాక్ తలుపు మీద చెయ్యి వేసి, "ఈడ ఇంకోసారి నిలబడి అరిపించుకునే శక్తి లేదు నాకు. పూలదండ ఏసుకొని పోవాలని ఉండాది. అంతే" అన్నారు.

ఇరవై ఏళ్ల కిందట నేను ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు కీబోర్డు మీద తప్పు మీద తప్పు కొడితే, ముందు టీ తాగి రా మా, అన్న మనిషి ఆయన. మా పాప ధన్య పుట్టినప్పుడు ఆరు నెలలు నా పని కూడా తానే చేసి, ఎవరికీ చెప్పని మనిషి.

సరే సార్ అన్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

కొత్త రిపోర్టు రాశాను. ప్రస్తుత పరిస్థితి అదుపులోనే ఉంది, జూన్ మొదటి వారంలో చేపట్టడం అనువుగా ఉంటుంది అని. ఇద్దరం సంతకం చేశాం. ఇది సార్ కోసం చేసింది కాదు. మార్చిలో ఆడిట్, ఏప్రిల్‌లో సెలవులు. సాంకేతికంగా చూసినా జూనే మేలు. మూడు నెలలే కదా.

మార్చి 27, గురువారం

మా గది పక్కనే రేడియేషన్ వాళ్లు కూర్చునే హాలు. ఈ రోజు మోసెస్‌తో తెలుగులో ఏదో మాట్లాడుతూ బయటికి వస్తే ఒకామె, "ఏమ్మా, మన మాటే మాట్లాడతావే!" అంది. పేరు మునియక్క. కాశిమేడు చేపల మార్కెట్టులో ముప్ఫై ఏళ్లుగా గంప పెట్టుకుని కూర్చుంటుందట. గర్భసంచి క్యాన్సర్. నిన్ననే మొదలు. ఇరవై ఐదు సార్లు కరెంటు పెట్టాలన్నారట.

మా తలుపు పక్క బెంచీ మీదే కూర్చుంది. తలుపు తెరిచినప్పుడల్లా చల్లగాలి వస్తుందట.

"లోపల ఏముండాది, ఇంత చలి?"

"కంప్యూటర్లు అక్కా. నీకు కరెంటు ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో అందులోనే రాసి ఉంటుంది."

"నా సంగతంతా దానికి తెలుసా?" అని నవ్వింది. "ఇంటాయనకే తెలీదు."

ఏప్రిల్ 2, బుధవారం

మోసెస్ ఒక మెయిల్ చూపించాడు. చూశాను.

ఏప్రిల్ 9, బుధవారం

మునియక్క చేతి వేళ్లు మడిచి చూపించింది, పదకొండు అయ్యాయట. ఒంట్లో నీరసం, విరేచనాలు. అయినా తెల్లవారి మార్కెట్టుకు పోయి, అక్కడి నుంచే ఇక్కడికి వస్తుంది. "ఇంకా పద్నాలుగే. గంప దించిపెట్టినట్టు దించేస్తాను" అంది.

సార్ క్యాలెండరులో రోజులు కొట్టేసుకుంటున్నారు. ఆయన ముఖం ఈ మధ్య తేటగా ఉంది.

ఏప్రిల్ 15, మంగళవారం

నిన్న తమిళ సంవత్సరాది సెలవు. ఈ ఉదయం ఆరూ నలభైకి మోసెస్ ఫోన్ చేశాడు. "అక్కా, ఒక్కటీ తెరుచుకోలా. అన్నిట్లో ఒకటే ఇంగ్లీషు చీటీ ఉండాది. దుడ్డు అడగతా ఉండారు."

పద్నాలుగు కాపురాలకూ తాళాలు పడ్డాయి. ఆ తాళాలు మావి కావు.

బ్యాకప్పులు కూడా అదే గదిలో, అదే తీగకు కట్టి ఉన్నాయి. అవీ పోయాయి. విడిగా బీరువాలో ఉన్న డిస్కు ఒక్కటే మిగిలింది. అందులో మార్చి 23 దాకా ఉంది.

సార్ పది గంటలకు వచ్చారు. తెర ముందు కూర్చుని ఆ చీటీని చదివారు. ఎన్నిసార్లు చదివారో తెలియదు.

ఏప్రిల్ 16, బుధవారం

కిరణాల యంత్రం బాగానే ఉంది. ఎవరికి ఎక్కడ, ఎంత పెట్టాలో చెప్పే ప్లాన్లే లేవు. పాత డిస్కులో ఉన్నవాళ్లకు శుక్రవారం నుంచి మొదలుపెట్టగలం. మార్చి 23 తర్వాత చేరిన పందొమ్మిది మందికి మళ్లీ స్కాన్ తీసి, కొలతలు తీసి, మొదటి నుంచి ప్లాన్ వేయాలి.

మునియక్క చేరింది మార్చి 26న.

దొంగలు అడిగింది ఇవ్వకూడదని ఆసుపత్రి నడిపే ట్రస్టు నిర్ణయించింది. ఇచ్చినా తాళం తీస్తారని నమ్మకం లేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

మునియక్క రోజూ వచ్చి అదే బెంచీ మీద కూర్చుంటోంది. రావద్దు, ఫోన్ చేస్తాం అని నర్సులు చెప్పినా వస్తోంది. మా తలుపు తెరిచే ఉంటోంది. ఏసీ గాలంతా బయటికే.

"మిషను రిపేరయిందా మా?"

ఇంకా లేదక్కా అన్నాను.

ఏప్రిల్ 24, గురువారం

ఈ రోజు ఆమెకు పద్నాలుగోది పెట్టారు. తొమ్మిది రోజులు పోయాయి. సోమవారం సెలవుతో కలిపితే పది. డాక్టరును అడిగాను, దీనివల్ల ఏమైనా తేడా వస్తుందా అని. మధ్యలో ఆపకూడని వైద్యం, అన్నారు. 

ఏప్రిల్ 29, మంగళవారం

విచారణ. పొడవాటి బల్లకు అటు ట్రస్టువాళ్లు నలుగురు, డైరెక్టర్. ఇటు మేం ముగ్గురం. దొంగలు ఎలా వచ్చారో బయటి నిపుణుడు చెప్పాడు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం గుండానే వచ్చారు. అప్‌గ్రేడ్ అయి ఉంటే ఆ దారి ఉండేది కాదు.

డైరెక్టర్ మా రిపోర్టు తీసి బల్ల మీద పెట్టారు. "జూన్ దాకా ఆగవచ్చని ఎవరు నిర్ణయించారు?"

నేను నోరు తెరిచేలోపే సార్ లేచి నిలబడ్డారు. "నేనే మేడమ్. జనని వెంటనే చేయాలనే రాసింది. నేనే మార్పించినాను. ఆ అమ్మాయికి సంబంధం లేదు." బల్ల కింద నా వైపు అరచెయ్యి చాపి ఉంచారు, ఉండు అన్నట్టు.

నేను ఉన్నాను.

సాయంత్రానికి ఆయనకు ఉత్తరం ఇచ్చారు. రేపటి నుంచి రానక్కర్లేదు.

ఏప్రిల్ 30, బుధవారం

ఆయనే ఉండమన్నారు. నేను మాట్లాడితే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. అప్పుడు సర్వర్లు ఎవరు చూసేవారు? ఇంకా సగం కూడా బాగుపడలేదు. రోగుల కోసమైనా నేను ఉండాలి కదా.

మే 2, శుక్రవారం

ఏప్రిల్ 2 నాటి మెయిల్ సంగతి ఇక్కడైనా రాయాలి.

అది మేం వాడుతున్న వెర్షన్ గురించిన హెచ్చరిక. దాని మీద దాడులు మొదలయ్యాయి, వెంటనే మార్చండి, మార్చలేకపోతే ఫలానా దారి మూసేయండి, అని. మోసెస్ ప్రింటు తీసి తెచ్చాడు. "అక్కా, సార్‌కు చూపిద్దామా?" అన్నాడు. నేను మడిచి సొరుగులో పెట్టాను. "వద్దు మోసెస్, ఆయన నిద్రపోరు. మే తర్వాత మనమే చూద్దాం" అన్నాను.

ఆ దారి మూయడానికి ఒక పూట చాలు. మూస్తే సార్‌కు తెలిసేది. ఎందుకని అడిగేవారు. అందుకే మూయలేదు.

సార్ ఫిబ్రవరిలో తెలిసి అడిగింది ఒకటి. ఏప్రిల్‌లో వచ్చిన హెచ్చరిక ఆయనకు తెలియదు. తెలియని దానికి లేచి నిలబడ్డారు.

మే 31, శనివారం

చూలై పేటలో ఉన్న సార్ ఇంటికి వెళ్లాను. కింద అచ్చు ప్రెస్సు చప్పుడు, పైన ఇల్లు. పూలదండ కొనలేదు. కొనబోయి మానుకున్నాను. పళ్లు తీసుకెళ్లాను.

ఆయన భార్య రాజలక్ష్మిగారు తలుపు సగమే తెరిచారు. "పండుకొని ఉండారు మా" అన్నారు. ఉదయం పదకొండు గంటలు. లోపల టీవీ వెలుగు కనిపిస్తోంది.

"పిలవనా?" అని కూడా ఆమె అనలేదు. పళ్లు మాత్రం అందుకున్నారు.

జూన్ 19, గురువారం

మునియక్క స్కాన్ వచ్చింది. గడ్డ పూర్తిగా పోలేదు. పక్క గ్రంథుల్లోకి కూడా వెళ్లింది. డాక్టరును వరండాలో ఆపి అడిగాను. "ఆ పది రోజుల వల్లేనా?"

"చెప్పలేం జననీ. ఆ విరామం లేకపోయినా ఇలా కావచ్చు. కాకపోనూవచ్చు."

మిగిలిన పద్దెనిమిది మంది సంగతీ ఆరా తీశాను. ప్రస్తుతానికి బాగానే ఉన్నారు.

ప్రస్తుతానికి.

జూలై 20, ఆదివారం

ఇన్నాళ్లూ దొంగలు వచ్చిన దారి మూసి పాతదాన్నే నడిపాం; ఈ రోజు అప్‌గ్రేడ్ చేశాం. నేనూ మోసెసూ. ఉదయం ఎనిమిదికి మొదలు. నేను ఫిబ్రవరి రిపోర్టులో రాసిన వరసలోనే. ముందు నకలుతో పరీక్ష, తర్వాత ఒక్కో ఇల్లూ. ఒక్కోదానికి ముప్పావు గంట పట్టింది.

అందరం భయపడిన ప్లాన్ సర్వర్‌ను చివరికి ఉంచాం. బటన్ నొక్కి ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. నాలుగు నిమిషాలకు లేచింది.

"అంతేనా అక్కా?" అన్నాడు మోసెస్.

మధ్యాహ్నం ఒంటిగంటకు పని అయిపోయింది. అతను బిరియానీ తెస్తానన్నాడు. వద్దన్నాను. గది తలుపు వేసుకుని నేల మీద కూర్చున్నాను. అతను బయటే నిలబడి ఉన్నట్టున్నాడు, చాలాసేపటికి నేను బయటికి వచ్చేసరికి రెండు టీలు చల్లారిపోయి ఉన్నాయి.

జూలై 21, సోమవారం

మెయిల్ ప్రింటు తీసుకుని డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. మొత్తం చెప్పాను. ఆవిడ చదివి, ప్రింటు బల్ల మీద పెట్టారు.

"ఇది ఏప్రిల్‌లో ఎందుకు చెప్పలేదు?"

నేను బల్ల మీది ఆ ప్రింటు వైపే చూశాను.

"మిమ్మల్ని కూడా పంపేస్తే ఇది నడిపేవాళ్లు లేరు. మీకు తెలుసు, నాకూ తెలుసు" అన్నారు. "మెమో ఇస్తాను. శేషాచలంగారికి ఉత్తరం రాయిస్తాను, హెచ్చరిక ఆయన దృష్టికి రాలేదని. అంతకు మించి నేను చేయగలిగింది లేదు."

చెప్పేస్తే తేలికపడతాననుకున్నాను. రాత్రి అన్నం ముందు అలాగే కూర్చుంటే ధన్య తమిళంలో అడిగింది, ఏమైందమ్మా అని. తలనొప్పి అన్నాను.

ఆగస్టు 7, గురువారం

మునియక్కకు ఇప్పుడు నొప్పి మందులే. వాటి కోసం ఆటోలో వచ్చింది. మనిషి సగమైపోయింది. చెప్పకూడదని ఒక మనసు, చెప్పాలని ఒక మనసు. పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఏప్రిల్‌లో మిషను చెడిపోలేదు. మా కంప్యూటర్లలో దొంగలు పడ్డారు. పడతారని నాకు ముందే చీటీ వచ్చింది. నేను పట్టించుకోలేదు. నీకు ఆ రోజులు పోయింది నా వల్ల."

ఆమె చాలాసేపు మందుల సంచీ ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉంది.

"దీన్ని నాకెందుకు చెప్పినావు?" అంది. "నేనేం చేసేది దీన్ని పెట్టుకొని?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ముఖం అటు తిప్పుకుని, ఆటో వచ్చిందేమో చూడమంది.

ఆగస్టు 17, ఆదివారం

సారే ఫోన్ చేసి రమ్మన్నారు. డైరెక్టర్ ఉత్తరం అందిందట. ఈసారి రాజలక్ష్మిగారు తలుపు మొత్తం తెరిచారు.

సార్ గడ్డం పెరిగింది. ఉత్తరం చేతిలోనే ఉంది.

"నాకెందుకు చూపించలేదు మా, ఆ మెయిలు?"

"మీరు నిద్రపోరని సార్."

"నిద్ర..." అని ఆగిపోయారు. కిటికీ వైపు చూస్తూ, "చూపించి ఉంటే నేనేం చేసి ఉందునో! ఆ దారి మూసి ఉందునా? నువ్వు మడిచి పెట్టినట్టే పెట్టి ఉందునేమో. అది కూడా తెలీదు" అన్నారు.

తర్వాత అడిగారు. "అప్‌గ్రేడ్ అయిందంటనే. ప్లాన్ సర్వర్ లేచిందా?"

"లేచింది సార్."

"ఎంతసేపు పట్టింది?"

ఒక్క క్షణం నాలుక చివర అబద్ధం వచ్చి నిలిచింది. రోజంతా పట్టిందని చెప్పవచ్చు. ఆయన కాస్త ఊపిరి పీల్చుకునేవారు.

"నాలుగు నిమిషాలు" అన్నాను.

ఆయన తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు. రాజలక్ష్మిగారు కాఫీ తెచ్చి, ఆయన ముఖం చూసి, గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

"ఆ పందొమ్మిది మందీ ఎట్లుండారు?" అన్నారు చివరికి.

మునియక్క గురించి చెప్పాను. ఆమె నన్ను అడిగిన మాట కూడా చెప్పాను.

"ఇల్లు యాడ?"

"కాశిమేడు. వద్దు సార్. ఆమెకు ఇష్టముండదు."

"ఇష్టం లేకుంటే పొమ్మంటది. పోదాం" అన్నారు.

ఆగస్టు 24, ఆదివారం

వెళ్లాం. హార్బరు గోడ పక్కనుంచి రెండో సందు. కోడలు వాకిట్లో వల బాగుచేస్తోంది. మమ్మల్ని చూసి లోపలికి కేక వేసింది. మునియక్క గుమ్మం పక్కనే నులక మంచం మీద ఉంది. కళ్లు మాత్రమే పెద్దవైనట్టు ఉన్నాయి.

"ఎవరు ఈయన?"

నేను చెప్పేలోపే సార్ చెప్పులు విడిచి ముందుకు వెళ్లారు. "జననితో పని చేసినవాణ్ణి మా. కంప్యూటర్ల పని ముందు ఆపమని అడిగింది నేనే. ఆ అమ్మాయి నా మాట మీదే ఆపింది."

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంకొకరా?" అంది. "ఎంతమంది వస్తారమ్మా నాకు ఇది చెప్పేదానికి?"

సార్ తల దించుకున్నారు. నలుగురి ఎదుట ఆయన తల దించుకోవడం నేను చూడటం ఇది రెండోసారి. ఈసారి ఎవరూ అరవలేదు. కోడలు వల పక్కన పెట్టి చూస్తోంది. పక్కింటి రేడియోలో ఏదో పాట. పొమ్మంటుందని ఎదురుచూశాను. పొమ్మంటే బాగుండునని కూడా అనిపించింది.

"ఎండలో నిలబడొద్దు, పెద్దాయన" అంది మునియక్క. "ఈ పక్కకు రండి. ఆడ కూచోండి."

కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. సార్ కుర్చీ అంచు మీద కూర్చున్నారు. ఆమె ఆయన వైపు మళ్లీ చూడలేదు.

"జననీ, కాలు లాగతా ఉండాది. రవంత పట్టు" అంది.

మంచం కోడు దగ్గర కూర్చుని కాలు ఒళ్లోకి తీసుకున్నాను. ఎముక తప్ప ఏమీ లేదు. మడమ ఇంకా గట్టిగా, తడి నేల మీద ముప్ఫై ఏళ్లు నడిచిన మడమలా ఉంది. గట్టిగా పట్టమంది. పట్టాను. ఆమె కళ్లు మూసుకుంది. చాలు అనలేదు. సార్ వెళ్దామనలేదు. హార్బరులో మధ్యాహ్నపు సైరన్ మోగింది. పడుతూనే ఉన్నాను.